కాయ కొట్టాక

మా నాన్నకు కోపం ముక్కు మీదే ఉండేది. నాకూ అదే వచ్చిందని అమ్మ అనేది. వచ్చిందేమో మరి. ఇన్నేళ్ళయినా ఈ సంగతి చెబుతుంటే నాకు ఒళ్ళు మండుతూనే ఉంటుంది.

ఒంగోలు దగ్గర మా ఊళ్ళో మాకో పొగాకు బ్యారన్ ఉండేది. కిటికీల్లేని ఎత్తైన గది అది. పచ్చాకును కర్రలకు కట్టి, కప్పు దాకా వరసలుగా వేలాడదీస్తారు. బయట పొయ్యిలో మంట పెడితే ఆ వేడి నేల మీది రేకు గొట్టాల్లోంచి గదంతా తిరుగుతుంది. ఎండిన ఆకు ఊడి గొట్టం మీద పడితే అంటుకుంటుంది. అలా పడకుండా గొట్టాల పైన ఇనుప వల కడతారు.

ఆ యేడు ఆ వల తెగి చిల్లుపడింది. ఆకు ఎక్కించిన కూలీలు చూశారు, అన్నయ్య చూశాడు, అమ్మ చూసింది, నాన్నా చూశాడు. వల మార్చాలంటే ఎక్కించిన ఆకంతా దించాలి. పక్క చేనువాళ్ళ బ్యారన్ అప్పటికే పొగ వదులుతోంది. వాళ్ళకంటే మా నాన్న వెనకబడటమా! పొయ్యికి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టేశాడు.

మా వైపు ఒక పట్టింపు ఉండేది. కాయ కొట్టాక ఆ బ్యారన్ గురించి ఎవరూ చెడ్డమాట అనకూడదు. అంటే అదే జరుగుతుందని భయం.

"ఏవండీ, ఆ వల..." అంది అమ్మ.

"శుభం పలకమంటే ఇదా నువ్వు పలికేది? కాయ కొట్టాక ఏందే ఆ మాటలు!" అని నాన్న కసిరాడు.

కూలీలు తలలు వంచుకున్నారు. అన్నయ్య నవ్వి, "పోనీలేమ్మా, నేను కనిపెట్టుకుని ఉంటాగా" అన్నాడు. లోపలికెళ్ళి వేడి ఎంతుందో చూసి రావడం అన్నయ్య పని. అంటే నిప్పు రాజుకుంటే లోపలుండేది వాడే! అది ఒక్కరికీ తట్టలేదా? అమ్మకు తట్టింది. వాడు లోపలికెళ్ళినప్పుడల్లా వచ్చి తలుపు దగ్గర నిలబడేది.

ఆకు పసుపు తిరిగాక వేడి బాగా పెంచారు. ఆ మధ్యాహ్నం అన్నయ్య లోపలుండగానే ఆకు రాలి అంటుకుంది. ఎండాకు కదా, భగ్గుమంది. అమ్మ తలుపు లాగి, వాణ్ణి చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చింది. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి దక్కలేదు. వేళ్ళు ముడుచుకుపోయి మళ్ళీ దేన్నీ పట్టుకోలేదు. నాన్న దిష్టి తగిలిందన్నాడు. దిష్టట, దిష్టి! వల చిల్లులోంచి దూరిందా ఆ దిష్టి?

కొన్నేళ్ళ తరవాత, చంద్రుడి మీదికి మనుషుల్ని పంపే ఏర్పాట్లలో ముగ్గురు అమెరికావాళ్ళు మూసిన వ్యోమనౌకలో కాలిపోయారని పేపర్లో వచ్చింది. అది ఇంకా నేల మీదే ఉందట, ఏదో పరీక్ష చేస్తున్నారట. ఆనక విచారణ సంగతులూ వచ్చాయి. నాన్న వసారాలో కూర్చుని పైకి చదివాడు. అంటుకునే సామాను లోపల ఎక్కువైందని ముందే కొందరు అన్నారట. తలుపు తొందరగా తెరుచుకోలేదట. అవతలివాళ్ళకంటే ముందు పోవాలన్న ఆత్రంలో ఎవరూ పట్టించుకోలేదట.

"ఎంతెంత చదువుకున్నోళ్ళు! చెబుతుంటే వినొద్దూ?" అని నాన్న మండిపడ్డాడు.

అన్నయ్య ఎడంచేత్తో మజ్జిగ తాగుతున్నాడు. అమ్మ చేట ముందేసుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. తలెత్తకుండానే అంది:

"అప్పటికే కాయ కొట్టేసుంటారండీ."

మిగతా వార్త నాన్న పైకి చదవలేదు.