వీబ్కె పెట్టిన కాపలా

వీబ్కె లోరెంట్సన్‌ది పుట్టు అనుమానం. కప్పు తనదేనా కాదా అని అడుగు తిప్పి చూసుకుంటే గానీ కాఫీ తాగదు. హాంబుర్గ్‌లో మేం తయారుచేసే పాటల రికార్డింగ్ ప్రోగ్రామ్‌కు గుండెకాయ లాంటి భాగం ఆవిడే రాసింది. మైకు నుంచి శబ్దం చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది. ఆ భాగం ఒక్కో ముక్కనూ అందుకుని వెంటనే ముందుకు పంపాలి. దేనికోసమైనా ఆగిందా, పాటలో ‘టక్’ మంటుంది. అందుకే డిస్కు మీద రాయడం లాంటి నెమ్మది పనులు వేరే భాగాలకు అప్పగించాం. ఈ నియమం కాగితం మీద రాసి గోడకు అంటించింది కూడా ఆవిడే.

వసంతంలో సముద్రతీరపు ఫ్రీసియా నుంచి ఫోల్కెర్ట్ ఊకెన్ వచ్చి చేరాడు. పెళ్లాం పిల్లలతో సహా కాపురం మార్చుకుని వచ్చాడు పాపం.

"కాఫీ వద్దనేవాణ్ని ఎలా నమ్మమంటావ్?" అంది వీబ్కె నాతో.

"ఫ్రీసియా వాళ్లు టీయే తాగుతారు తల్లీ. అదీ నేరమేనా?"

వారం తిరక్కుండానే రికార్డింగుల్లో టక్ టక్‌మనడం మొదలైంది. "చెప్పానా?" అంది. యజమానురాలు గెసీనె కూడా తేల్చేసింది: వీబ్కె సరేనంటేనే ఫోల్కెర్ట్ ఉద్యోగం ఖాయం, లేదంటే శుక్రవారంతో సరి.

గురువారం వీబ్కె నన్ను పిలిచింది.

"వాడు రాసిందంతా తీసేశాను. ఇంకా టక్‌మంటోంది."

"అయితే నీ భాగం తెరువు."

తెరిచింది. తన భాగాన్ని ఎవరైనా మార్చారేమోనని క్షణక్షణం చూసి డిస్కు మీద రాసిపెట్టే చిన్న కాపలా ఒకటి అందులో ఉంది. అది రాసుకునేటప్పుడల్లా శబ్దం ఆగుతోంది.

"ఎవరు పెట్టారిది?"

"నేనే. వాడు చేరిన రోజున."

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం లేచి నేరుగా ఫోల్కెర్ట్ దగ్గరికి వెళ్లింది. నేనూ వెనకాలే వెళ్లాను.

"ఆ తప్పు నాది," అంది వీబ్కె. "గెసీనెకు ఇప్పుడే చెప్పేస్తాను."

"తెలుసండీ. ఎప్పుడో చూశాను," అన్నాడతను.

"మరి చెప్పలేదేం?"

"మీ భాగం తెరిచి చూశానని చెప్పాలి కదా. అప్పుడు మీరేమనేవారు?"

"ఉండిపో, ఫోల్కెర్ట్," అంది వీబ్కె.

"మీ పక్కనా?"

అతను తన టీ కూజాను కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకుని బయటికి నడిచాడు.