మూడు డిగ్రీలు తక్కువ

లాక్‌డౌన్ పెట్టిన ఆ వసంతంలో పోయినవన్నీ లెక్కపెట్టుకున్నాను. ఎష్‌బోర్న్ ఆఫీసులో నా కుర్చీ, వేసవికి హైదరాబాద్ ప్రయాణం, శనివారాల షటిల్ ఆట. చివరగా తెల్లవారుజాము అయిదింటి బస్సు. మిగతావి లేకపోయినా రోజు గడిచేది. ఆ బస్సు లేకపోతే మా ఆవిడ వృద్ధాశ్రమంలో పొద్దుటి డ్యూటీకి చేరలేదు. ఆమె వెళ్లేదాకా రాత్రి నర్సు ఇంటికి పోవడానికి లేదు.

అందుకని సరదాకి కొని మూలన పెట్టిన పాత కారును శనివారం విప్పాను. ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు అరిగిపోతే మార్చాను. అవి మారిస్తే నిప్పురవ్వ పడే సమయం కూడా మళ్లీ సరిచేయాలి. పిస్టన్ పైకి చేరడానికి పది డిగ్రీల ముందు రవ్వ పడాలని పుస్తకంలో ఉంది. ఇంజన్ చక్రం మీది గుర్తు గీత చూస్తే సరిగ్గా ఆ పదీ వెనకబడి ఉంది. పాయింట్లు ఉండే డిస్ట్రిబ్యూటర్‌ను పది డిగ్రీలు తిప్పాను. తాళం తిప్పగానే ఇంజన్ ఎదురు తన్ని టపాకాయలా పేలింది. పై అంతస్తు ముసలావిడ కిటికీ తెరిచి, రేపు ఆదివారం, ఈ దేశంలో ఆ రోజు చప్పుడు పనికిరాదని గుర్తుచేసింది.

అన్నం ముందు కూర్చున్నాక తప్పు తట్టింది. డిస్ట్రిబ్యూటర్ ఒక చుట్టు తిరిగేసరికి ఇంజన్ రెండు చుట్లు తిరుగుతుంది. నేను జరిపిన పది ఇంజన్‌కు ఇరవై.

ఆదివారం చప్పుడు లేకుండా సరిచేయాలి. పాయింట్ల తీగకు చిన్న బల్బు కట్టాను. మా ఆవిడ పానా పట్టి ఇంజన్‌ను మెల్లగా తిప్పింది. పాయింట్లు విడివడగానే బల్బు వెలుగుతుంది, రవ్వ పడేదీ అప్పుడే. కాని గీత తుప్పుతో సగం చెరిగింది, రెండు డిగ్రీలు అటూ ఇటూ కావచ్చు. రవ్వ ముందు పడితే మళ్లీ తన్నుతుంది, ఆలస్యమైతే లాగుడు తగ్గుతుంది, అంతే. ఏడు దగ్గర బిగించాను. నడిచే ఇంజన్ మీద వేసి చూసే టైమింగ్ లైటు పార్సిల్‌లో రావాల్సి ఉంది. అది రాగానే మిగతా మూడు డిగ్రీలూ ఇంజన్‌కు ఇచ్చేస్తానని మా ఆవిడతో అన్నాను.

"నీ డిగ్రీలు నాకెందుకు? పొద్దుగాల స్టార్టయితదా, కాదా?"

"అయితదనుకుంటున్న."

"అనుకునుడు కాదు. అక్కడ ముసలోళ్లు లేచి కూసుంటరు నాకోసం."

స్టార్ట్ చేసి చూడ్డానికి వీల్లేదు. సాయంత్రందాకా కిందికి పోవడం, బిగించిన బోల్టునే మళ్లీ తడమడం, పైకి రావడం.

సోమవారం మొదటి తిప్పుకే అందుకుంది. తర్వాతి వారం లైటు వచ్చింది. డబ్బా పట్టుకుని బయల్దేరితే మా ఆవిడ తాళంచెవి ఇవ్వలేదు. "నడిచే బండిని ముట్టకు," అంది.

ఆశ్రమం ముందున్న ఎత్తు ఎక్కేటప్పుడు కారు ఇప్పటికీ రెండో గేరుకు దిగుతుంది. మా ఆవిడ నడుపుతుంటే పక్క సీట్లో నేను కాలు ఆడిస్తూ కూర్చుంటాను. ఆ ఇంజన్‌కు నా బాకీ మూడు డిగ్రీలు.