రాచకన్యల వంశవృక్షాలు టైప్ చేసిన ఏడాది

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చిన రెండో ఏడాది మా బాబు పోయాడు. ఐదు నెలలవాడు. మెడ నిలవలేదు, పాలు మింగలేకపోయేవాడు. పెళ్ళికి ముందే మీరిద్దరూ బంధువులా అని హాస్పిటల్లో డాక్టర్ అడిగాడు. నా భర్త తలెత్తకుండా "నో" అన్నాడు. ఆయన మా మేనత్త కొడుకు. పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. పక్కనే ఉండీ నేను నోరు విప్పలేదు.

ఇంట్లో ఉండలేక దగ్గర్లోని కాలేజీలో టైపిస్టుగా చేరాను. చరిత్ర చెప్పే ఒక పెద్దావిడ, జర్మనీ సంస్థానాల ఆడపిల్లల పెళ్ళిళ్ళ మీద పుస్తకం రాస్తున్నారు. ఆవిడ చేత్తో గీసిన వంశవృక్షాలను శుభ్రంగా టైప్ చేయడం నా పని. రాజ్యం బయటికి పోకూడదని, పొత్తు చెడకూడదని ఆ రాజకుటుంబాలవాళ్ళు తమలో తామే పిల్లల్ని ఇచ్చిపుచ్చుకునేవారట. పదహారేళ్ళ పిల్లను బండెక్కించి పంపేవారు. సరిహద్దు దగ్గర పుట్టింటి దాసీలను కూడా వెనక్కి పంపేసేవారు.

ఒక పేజీలో భార్యాభర్తల మధ్య రెండు గీతలున్నాయి. పొరపాటేమోనని అడిగాను.

"కాదు. ఇద్దరిదీ ఒకే రక్తం. అతను ఆమె మేనత్త కొడుకు" అన్నారావిడ.

ఆ గీతల కింద తొమ్మిదిమంది పిల్లలు. ఏడుగురి పక్కన శిలువ గుర్తు, అంటే పసితనంలోనే పోయారని. బిడ్డ పోయిన ప్రతిసారీ, నీ ప్రార్థనలో లోపముందంటూ మతగురువు ఆ తల్లి చేత ఉపవాసాలు చేయించాడట. చివరి కాన్పులో ఆమే పోయింది. ఆమె చెల్లెల్ని తెచ్చి అతనికే కట్టబెట్టారు.

ప్రార్థన తగ్గించావు కాబట్టే బాబు పోయాడని మా అత్తయ్య కూడా నాకు ఉత్తరం రాసింది. ఆ పేజీ నేను టైప్ చేయలేకపోయాను. ఆవిడకి అంతా చెప్పేశాను. ఆవిడ ఓదార్చలేదు.

"డాక్టర్‌కి నిజం చెప్పు. ఇవాళే" అన్నారు.

అప్పటికి నాకు మూడో నెల. ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి చెప్పాను. బాబుకి వచ్చిన జబ్బు మాకు పుట్టే నలుగురిలో ఒకరికి రావచ్చని, ముందే తెలుసుకునే టెస్ట్ ఇంకా రాలేదని డాక్టర్ అన్నాడు. సాయంత్రం ఆ సంగతి చెప్పగానే బావ కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"ఎందుకు చెప్పావే? మనల్ని చూసి ఏమనుకుంటారు వీళ్ళు?"

పాప పుట్టింది. నాలుగో నెలలో మెడ వాలిపోవడం మొదట చూసింది బావే. పదకొండో నెలలో తెలుగు చర్చివాళ్ళు వచ్చి పాటలు పాడారు. పెట్టెను మోయడానికి ఒక్క మనిషి సరిపోయాడు.

మరుసటి వేసవిలో అత్తయ్య ఫోన్ చేసింది. మా చెల్లిని బావ తమ్ముడికి చేసుకుంటామంది.

"వద్దమ్మా, చేయొద్దు" అన్నాడు బావ.

"అదేంట్రా? బయటిపిల్ల కాదుగా!"

"అందుకే వద్దంటున్నా. మా పిల్లలిద్దరూ అందుకే పోయారు."

ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి.

ఆ సంబంధం ఆగిపోయింది. చెల్లిని బయటివాళ్ళకిచ్చారు. దాని పిల్లలు బాగున్నారు. మేము మళ్ళీ పిల్లల్ని కనలేదు. అత్తయ్య మాత్రం ఇదంతా నేనే చేయించానని నమ్మింది. తాను పోయేదాకా నాకు మరో ఉత్తరం రాయలేదు.