ముందు కబురు

సూర్యాపేట దవాఖానలో నర్సు శాంతకుమారికి నోరు పెద్దదని పేరు. నిజమే, పెద్దదే. కానీ తెరవాల్సిన పూట ఆ నోరు మూతబడింది. ఆ పూటే ఆమెను బతుకంతా తినేసింది.

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు. రైతుల పోరాటానికి జడిసి పారిపోయిన దొరలు ఒక్కొక్కరే తమ కోటల్లాంటి గడీలకు తిరిగొస్తున్నారు. కోదాడ దారిలోని ఒక గడీ నుంచి, అక్కడ పనికున్న ద్వాళి అనే లంబాడీ పిల్లను తెచ్చారు. నూనె చిందిందన్నారు. వీపు కడుగుతూ శాంతకుమారి ఒక్కో మచ్చనూ చూసింది. అన్నీ అట్లకాడ వాతలే, పాతవాటి మీద కొత్తవి. నూనె ఎక్కడైనా అంత కుదురుగా చిందుతుందా? కట్టు కట్టగానే గడీ మనిషి పిల్లను తీసుకుపోయాడు.

ఆమె ఊరుకోలేదు. పోలీసు అమీను దగ్గరికి పోయి, గడీకి వస్తాననేదాకా వదల్లేదు. పిల్లను తన ఇంట్లో ఉంచుకుని చదివిస్తానని బడిపంతులు కృష్ణమూర్తి చేత అనిపించింది. అది మా పని కాదని ఎవరికి వారు చేతులు దులుపుకునే రోజుల్లో ముగ్గురూ ఒక బండెక్కడమంటే మాటలు కాదు.

బయలుదేరే ముందు అమీను, ఊళ్లో కబుర్లు మోసే సుంకరిని పిలిచాడు.

"మేమొస్తున్నమని జర గడీల చెప్పిరాపో."

అధికారి ఎవరు పోయినా గడీకి ముందు కబురు పంపడం ఆనవాయితీ. నిజాం రాజ్యం పోయినా ఆ మర్యాద పోలేదు. కబురు పోతే పిల్లను దాచేస్తారని శాంతకుమారికి తోచింది. అయినా ఇంత కష్టపడి కుదిర్చిన మనిషి, కాదంటే అలిగి రానంటాడేమోనని మెదలకుండా కూర్చుంది.

దొర వాకిట్లోకి ఎదురొచ్చాడు. అందరికీ మజ్జిగ ఇప్పించాడు. పిల్లను మాత్రం మిర్యాలగూడ చుట్టాలింటికి పంపానన్నాడు. అక్కడికీ పోయి వెతికారు, ఈసారి కబురు లేకుండా. అలాంటి పిల్ల ఇక్కడికి రానే లేదన్నారు వాళ్లు.

గడీ వెనక తండాలో ఉండే తల్లి గౌరీబాయికి ఆ సంగతి శాంతకుమారే చెప్పింది. ఆమె ఏడవలేదు.

"సుంకరి నా గుడిసె ముంగటికెల్లే పోయిండమ్మా. ఎనక గడీ బండి గూడ గిట్లనే పోయింది. అండ్ల నా బిడ్డున్నదని నాకేమెరుక? దొరకు చెప్పి పంపిన్రు, నాకెందుకు చెప్పలే? చెప్తె బండికి అడ్డం పండుకుందును కద."

ఆ పిల్లకు తల్లి ఉందని, ఆమెకూ ఒక మాట చెప్పాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

తర్వాత ఇలాంటి పిల్లల కోసం ఆమె చాలా ఊళ్లు తిరిగింది. ఎక్కడికి పోయినా ముందు తల్లి ఇల్లెక్కడని అడిగేది. కొందరు పిల్లలు దొరికారు. ద్వాళి దొరకలేదు.