బిగుసుకుపోయిన కుడిచెయ్యి

పోలీసు యాక్షన్ అయిన కొన్నేళ్లకు సంగతి. మా ఆయన తాండూరు గనుల్లో బండలు కొట్టేవాడు. ఒక పొద్దున లేవబోయి పక్కకు ఒరిగిపోయాడు. మూతి వంకరైంది. మాట పడిపోయింది. కుడివైపు కాలూ చెయ్యీ చచ్చుబడ్డాయి.

"గాలి సోకింది. తలుపు తియ్యకు" అంది అత్త. పావురాలను తెప్పించి వాటి నెత్తురు ఆ చేతికి రుద్దింది. మిగిలిన సత్తువ జారిపోకుండా చేతిని ఎదకు ఆనించి, పాత చీర పీలికతో బిగించి కట్టింది. ఆ చెయ్యి లేస్తేనే మాకు కూలి.

ఎన్నాళ్లకూ కదలిక లేకపోయేసరికి రైలెక్కించి వికారాబాద్ దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు కట్టు విప్పించాడు.

"ముందుగాల తెస్తే బాగయ్యేటోడా సారూ?" అని అడిగాను.

"ముందు తెచ్చినా నా దగ్గర దీనికి మందు లేదమ్మా. మంచం ఉంది, అంతే."

పక్క మంచంలో కోట్‌పల్లి ముసలాయనదీ ఇదే రోగం. కోడలు పడుకోబెట్టే జావ పోసేది. అది పొలమారి, దగ్గు పట్టి, జ్వరం వచ్చి పోయాడు. "కూసోవెట్టి తాపమంటె ఇంటరా మీరు!" అని దవాఖాన నర్సమ్మ తల కొట్టుకుంది. ఆ భయంతో మా ఆయన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి చెంచాతో తాపాను. ప్రాణం నిలిచింది.

నర్సమ్మ ఆయన చెయ్యి పైకెత్తి, వేళ్లు ఒక్కొక్కటే సాపి చూపించింది. "రోజు గిట్లనే చెయ్యి. ఇడిసిపెడితే కట్టెలెక్క అయితది."

ఇంటికి రాగానే అత్త మళ్లీ కట్టింది. ఆమె చేనుకు పోయినప్పుడు విప్పి ఎత్తేదాన్ని. భుజం నొప్పికి ఆయన అరిచేవాడు. ఒకనాడు ఆ అరుపు వాకిట్లో ఆమె చెవిన పడింది.

"సంపుతవా నా కొడుకును? నర్సమ్మ కన్నదా వాన్ని, నేను కన్ననా?"

"కట్టేస్తె బిగుసుకపోతదత్తా. జర ఓర్సుకోమను."

"ఓర్సుకునేది వాడు. నీకేం పోయింది?"

ఆయన వైపు చూశాను. ఎడమచేత్తో నన్ను తోసేసి, పీలికను తల్లి వైపు జరిపాడు.

చలికాలానికి పిడికిలి మూసుకుపోయింది. గోళ్లు దిగి అరచేయి పుండయింది. గోళ్లు తీద్దామని నేను వేళ్లు విప్పబోతే, అత్త పక్కన కూర్చుని నాతో "మెల్లగ, బిడ్డా, మెల్లగ" అనేది. అవి విడలేదు. ఆయన బండలు కొట్టిన గనికే నేను తట్టలు మోయడానికి పోయాను.