కిరాయి కారుకు బత్తాయి పూజ

సగం కారు లోపల, సగం కారు బయట ఇరుక్కుని, ఆ భంగిమలోనే అత్తగారి చేత హారతి పట్టించుకున్న అల్లుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే జర ఇటు తిరగండి. కొన్నేళ్ల కింద ఓ ఆదివారం పిల్లల్ని తీసుకుని ఒక ముచ్చటైన చిన్న ఊరు చూసి రావాలనుకున్న పాపానికి నాకు పడిన శిక్ష అది.

నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్లజోళ్ల దుకాణం. ఊరందరి చూపు సరిచేసే నేను మా షడ్డకుడు కనిపిస్తే మాత్రం కళ్లల్లో నిప్పులు పోసుకునేవాణ్ణి. షడ్డకుడంటే భార్య అక్క మొగుడు. కొందరు తోడల్లుడంటారు. పేరు రఘుపతి, ఇల్లు ఎల్బీనగర్. తాతల నాటి పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు కార్లయ్యాయి. అందులో ఒక కారుకు నెత్తిన కంత ఉండేది. దాన్ని సన్‌రూఫ్ అంటారని, అందులోంచి పిల్లలు తలలు బయటపెట్టి ఫొటోలు దిగుతారని, ఆ ఫొటోలు ప్రతి వారం వాట్సాప్ స్టేటస్‌లో పెడతారని, వాటిని చూస్తే నాలాంటివాడికి అన్నం అరగదని అప్పుడే తెలిసింది.

నిజం చెప్పాలంటే మనిషి మంచివాడే. నన్ను నోరారా తమ్మీ అని పిలిచేవాడు. అది ఇంకా మంట. కుళ్లుకోవడానికి ఒక్క కారణమైనా ఇవ్వని మనిషిని చూసి కుళ్లుకోవడం ఎంత కష్టమో మీకేం తెలుసు?

ఇంతవరకైతే ఎలాగో ఓర్చుకునేవాణ్ణి. కానీ రెండో తరగతి చదివే మా అమ్ములు ఒకరోజు బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి విసిరేసి, "డాడీ, ఇయ్యాల మా మేడమ్ అందర్నీ వీకెండ్ ఏడికి పోయిండ్రో చెప్పుమన్నది" అంది.

"నువ్వేం చెప్పినవ్?"

"అమ్మ ఫోన్ల ఉన్న పెద్దనాన్న ఫొటో గీసుకొని పోయిన గదా, అది చూపించిన. ఈయన మా డాడీ, ఇది మా కారు అని చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిండ్రు."

ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. మా ఆవిడ సుజాత, "చిన్నపిల్ల, తెల్వక చెప్పింది. ఇడువుండి" అని ఓదార్చింది. ఎలా విడుస్తాను? కారు పోతే పోయింది, కన్నతండ్రి పదవి కూడా షడ్డకుడికే పోతే నాకింక మిగిలేదేమిటి? వచ్చే సోమవారం ఆ తరగతిలో నా బొమ్మ ఉండి తీరాలని పంతం పట్టాను.

జలపాతాలు, రిసార్టులు అన్నీ రఘుపతన్న ఎప్పుడో చూసేశాడు. కాబట్టి డబ్బుతో కాదు, అభిరుచితో కొట్టాలి. బాగా ఆలోచించి పోచంపల్లి అన్నాను. మగ్గాల చప్పుడు, వాకిళ్లలో ఆరేసిన రంగు రంగుల నూలు, పాత పెంకుటిళ్లు. ఎంత బాగుంటుంది!

"పోచంపల్లా? మా వాళ్లందరు చీరలకు పొయ్యే ఊరే గదా. అండ్ల చూసేదేమున్నది?" అంది సుజాత.

"మీ వాళ్లు చీరలు చూస్తరు. మనం ఊరు చూస్తం. తేడా ఉన్నది" అన్నాను గొప్పగా. ఆ తేడా తర్వాత తెలిసింది.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. నేను ఏకంగా కంతే పెట్టుకున్నాను. ఎల్బీనగర్‌లో కార్లు కిరాయికిచ్చే యాదగిరిని పట్టుకుని, అచ్చం రఘుపతన్న కారులాంటిదే, నెత్తిన కంత ఉన్నది, మాట్లాడాను.

"సార్, నిన్ననే కడిగించినం. ఎట్ల తీస్కపోతున్నరో అట్లనే తెచ్చియ్యాలె" అన్నాడు తాళం చేతిలో పెడుతూ.

ఆదివారం పొద్దున్నే బయలుదేరబోతుంటే రఘుపతన్న ఫోన్.

"తమ్మీ, తయారు గాండ్రి! గియ్యాల అందరం కలిసి పోతున్నం. మిమ్ముల గూడ ఎక్కించుకొని..."

ఎక్కించుకుంటాడట! మళ్లీ ఆయన కారు, మళ్లీ ఆయన కంత, మళ్లీ మా పిల్లల తలలు! ఎక్కడికని కూడా అడగలేదు.

"కుదరదన్నా. పిల్లలిద్దరికీ జ్వరం. సుజాతకు రాత్రంత నిద్ర లేదు. ఇప్పుడే పండుకున్నది, దానికి ఫోన్ చెయ్యకుండ్రి."

ఎదురుగా అమ్ములుకు జడ వేస్తున్న సుజాత చేతిలో దువ్వెన అలాగే ఆగిపోయింది. "పిల్లల మీద పెట్టి అబద్ధమా? నోట్లెకెళ్లి గట్లెట్ల ఒచ్చిందయ్యా?"

"గాలిమాట. గాలికే పోతది" అన్నాను.

హైవే ఎక్కాం. బాటసింగారం దగ్గర పండ్ల మార్కెట్టు లారీల మధ్య చాలాసేపు ఇరుక్కున్నా, ఎండ నెత్తి మాడ్చినా నేను కంత మూయలేదు. మూసే మీట ఎక్కడుందో తెలియకపోవడం కూడా ఒక కారణమే అనుకోండి. మా నాలుగేళ్ల చింటు ముందు సీటులో తల్లి ఒళ్లో కూర్చుని కనబడిన మీటనల్లా నొక్కుతున్నాడు. నేను మాత్రం రాజులా నడుపుతున్నాను.

పోచంపల్లి నిజంగానే ముచ్చటగా ఉంది. ఫోన్‌లోని మ్యాపు ఎడమకు తిరగమంటే తిరిగాను. అది నేతగాళ్ల గల్లీ. పోనుపోను సన్నబడింది. కారుకు ఇటు గోడ, అటు గోడ, మధ్యలో మనిషి పక్కవాటంగా పట్టేంత సందు. నత్తనడక నడుస్తున్నాం కదా అని వెనక సీటులో ఉన్న అమ్ములును కంతలోంచి తల బయటపెట్టనిచ్చాం. నేను ఫోన్ తీసి ఫొటోకు సిద్ధమయ్యాను.

అప్పుడే గల్లీ మలుపులోంచి ఎదురుగా ఇంకో కారు వచ్చి మా ముందు ఆగింది. దాని నెత్తినా కంత. అందులోంచి రెండు తలలు.

"అమ్ములూ!" అన్నాయి ఆ తలలు.

"అన్నయ్యా! అక్కా! అమ్మమ్మా! పెద్దనాన్నా!" అంది మా తల.

నా కాళ్ల కింది బ్రేకు కదిలిపోయింది. మలుపు దగ్గర గల్లీ కాస్త వెడల్పు కాబట్టి ఆ కారు తలుపులు తెరుచుకున్నాయి. అందులోంచి మా అత్తగారు, వదినగారు, పెళ్లికొడుకు కాబోతున్న మా బామ్మర్ది, వెనకాల నవ్వుతూ రఘుపతన్న దిగారు. బామ్మర్ది పెళ్లి చీర మగ్గం మీంచి దిగిందని నేతగాడు కబురు పెడితే అందరూ కలిసి వచ్చారట. పొద్దున నేను పూర్తి కానివ్వని మాట అదే! వెనక్కి పోదామని చూస్తే నూలు కట్టలతో ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆనుకుని నిలబడింది. ముందు షడ్డకుడు, వెనక నూలు.

అత్తగారు నా కిటికీ దగ్గరికి పక్కవాటంగా నడిచి వచ్చింది. చేతిలో బత్తాయిల సంచి.

"పిల్లలకు జ్వరమని చెప్తివంట గద అల్లుడా? వాపస్ పొయ్యేటప్పుడు మీ ఇంటికొద్దామని బాటసింగారంల బత్తాయిలు గూడ కొంటిమి!"

"తగ్గిందత్తమ్మా. గాలి మారితే మంచిదని..."

"నాకు జ్వరమెప్పుడొచ్చింది డాడీ?" అంది పైనుంచి అమ్ములు.

సుజాత కిటికీలోంచి గోడను చూస్తోంది. అంత శ్రద్ధగా గోడను చూసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఇంతలో రఘుపతన్న బానెట్ మీద చెయ్యి వేసి, కళ్లు పెద్దవి చేసి అడిగాడు.

"తమ్మీ! కారు కొన్నవా?"

ఇక్కడ నేను కాదన్నా అంటే కథ కంచికి పోయేది. కానీ పైన అమ్ములు వింటోంది. పక్కన వదిన చూస్తోంది. ఏళ్ల తరబడి దాచుకున్న కుళ్లంతా ఒక్కసారి నాలుక మీదికి వచ్చి కూర్చుంది.

"ఆ... కొన్నన్నా."

"చెప్పనన్న చెప్పకపోతివి!" అంటూ అత్తగారు చేతులు జోడించింది. "పూజ అయిందా?"

"ఇంకా..."

"పూజ గాకుండనే పిల్లల్ని ఎక్కించినవా? గందుకే జ్వరమొచ్చింది! ఉండు!"

పెళ్లి చీరకు పూజ చేద్దామని తెచ్చిన పసుపు, కుంకుమ, పూలదండ, హారతి పళ్లెం, కొబ్బరికాయ అన్నీ బయటికొచ్చాయి. యాదగిరి నిన్ననే కడిగించిన బానెట్ మీద అత్తగారు అరచేతి మందాన పసుపు పూసి, కుంకుమతో ఓం రాసింది. వదిన అద్దానికి బొట్లు పెట్టింది.

"చక్రాల కింద పెట్ట నిమ్మకాయలు లేవే" అన్నాడు బామ్మర్ది.

"బత్తాయిలున్నయి గద. పుల్లగుంటే చాలు, దేవునికి తెల్వదా" అంది అత్తగారు. లేని జ్వరానికి కొన్న బత్తాయిలు, కొనని కారు చక్రాల కింద కుదురుగా కూర్చున్నాయి.

"యజమాని దిగి కొబ్బరికాయ కొట్టాలె. దిగు అల్లుడా."

తలుపు తెరవబోతే గోడకు తగిలింది. అటు తలుపు అటు గోడకు తగిలింది. ఇక మిగిలిన దారి నేను ఏరికోరి తెచ్చుకున్న కంత ఒక్కటే. అమ్ములును కిందికి దింపి, వెనక సీటు ఎక్కి తల పెట్టాను, పట్టింది. భుజాలు పట్టాయి. పొట్ట దగ్గర ఆగిపోయాను. పైకి రాను, కిందికి పోను. ఇంట్లో సుజాత చేతి పప్పుచారు ఇన్నేళ్లూ ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది.

అరుగు మీద నూలు చుట్టుకుంటున్న ముసలాయన తలెత్తి చూశాడు. "ఆయన్ని ఆడనే ఉండనియ్యిర్రి. హారతి ఆడికే ఇయ్యిర్రి."

ఇచ్చారు. నా నుదుట కుంకుమ పెట్టారు, మెడలో దండ వేశారు. రఘుపతన్న ఫొటో తీసి అక్కడికక్కడే స్టేటస్ పెట్టి నాకు చదివి వినిపించాడు: "మా తమ్ముడు కొత్త కారు కొన్నడు. నాకు ఇయ్యాల చాన ఖుషీగున్నది."

ఆ మనిషి కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. అది చూసి నేను సిగ్గుపడాల్సింది. సిగ్గుపడలేదు, ఇంతటి మంచితనం కూడా ఈయనకే ఉండాలా అని మళ్లీ కుళ్లుకున్నాను.

ఆ కుళ్లు సగంలో ఉండగా కారులో నా ఫోన్ మోగింది. దాన్ని పొద్దున కారు స్పీకర్లకు కలిపిందీ నేనే. "చింటూ, ముట్టుకోకు!" అని పైనుంచి అరిచాను. చింటు పచ్చమీట నొక్కాడు. గల్లీ అంతా యాదగిరి గొంతు మారుమోగింది.

"సార్, నేను యాదగిరిని, కిరాయి కార్లు! మా ఎల్బీనగర్ రఘుపతి సార్ స్టేటస్ చూసిన. ఆ కారు మాదే గద సార్? పూజ మేం కొన్ననాడే చేయించినం. ఆ పసుపు మొత్తం కడిగి తెచ్చియ్యాలె మల్ల!"

మగ్గాలు కూడా ఆగిపోయాయి. అత్తగారి చేతిలో హారతి పళ్లెం, వదిన చేతిలో కుంకుమ భరిణె, మధ్యలో దండ వేసుకుని దిష్టిబొమ్మలా నేను.

ముందు నవ్వింది సుజాత. తర్వాత అత్తగారు. ఆ నవ్వు గల్లీ చివరిదాకా పోయి తిరిగొచ్చింది. రఘుపతన్న ఒక్కడే నవ్వకుండా, "తమ్మీ, కారు కావాలంటే నన్నడుగొద్దా? తాళం పంపియ్యకపోదునా?" అన్నాడు. ఆటోను వెనక్కి పంపించి, తనే వెనక డిక్కీలోంచి కారులోకి పాకి, నా కాళ్లు పట్టుకుని కిందికి గుంజాడు. ఒక్క గీత పడకుండా కారును గల్లీ బయటికి తీశాడు. బత్తాయిలు నాలుగూ చితికి, రసం గోడలకు చిమ్మింది. వెనక్కి నడపడం కూడా నాకంటే ఆయనకే బాగా వచ్చు, గమనించారా?

సోమవారం సాయంత్రం అమ్ములును తీసుకురావడానికి బడికి వెళ్తే మేడమ్ నన్ను గేటు దగ్గర ఆపింది. ఆమె చేతిలో అమ్ములు గీసిన బొమ్మ. కారు కంతలోంచి లావుపాటి మనిషి, మెడలో దండ, పెద్ద బొట్టు. చక్రాల కింద పసుపుపచ్చ గుండ్రాలు.

"పోయినసారి పాప వేరే ఆయన్ని చూపించి డాడీ అంది. ఇప్పుడేమో మిమ్మల్ని చూపిస్తోంది. ఏది నిజమండీ?"

నేను నోరు తెరిచేలోపే అమ్ములు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"డాడీ మాదే మేడమ్. కారే కిరాయిది."

ఆ క్షణాన, ఆ గేటు సాక్షిగా, మా ఇలవేల్పు మీద ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్లీ షడ్డకుణ్ణి చూసి కుళ్లుకోను, పిల్లలకు రాని జ్వరాలు తెప్పించను, పొట్ట కొలుచుకోకుండా ఏ కంతలోనూ తల పెట్టను. ఆ ఒట్టు నేటికీ చెక్కుచెదరలేదు. మొన్న రఘుపతన్న ఇంటి మీద ఈతకొలను కట్టించాడని తెలిసినప్పుడు మాత్రం ఓ పూట అన్నం మానేశాను, అదీ పొట్ట తగ్గడానికే.