మధ్య పిచ్ తాతయ్య

మొన్న మంగళవారం పొద్దున్న మా గ్రౌండు తాతయ్య పోయారు. ఫోన్ వచ్చేసరికి నేను కాకినాడలో, మా స్కూలు ప్రేయర్లో పిల్లల్ని వరుసల్లో నిలబెడుతున్నాను. నిద్రలోనే పోయారట. ఆయన మనవరాలు ఏడుపు ఆపుకుంటూ, "నిన్న సాయంత్రం కూడా గ్రౌండుకి వెళ్ళొచ్చారండి మేడమ్. కాళ్ళు నొప్పులు కదా, వద్దంటే వినలేదండి" అని చెప్పింది. ఆ మాట విన్నాక నేను పిల్లలకి "అటెన్షన్" చెప్పడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాను.

మీలో ఎవరూ ఆయన పేరు విని ఉండరు. పేపర్లో ఫోటో పడే మనిషి కాదు. రాజమండ్రిలో జిల్లా జట్ల వన్డే టోర్నమెంటు జరిగే గ్రౌండులో పిచ్‌లు తయారుచేసేవారు, అంతే. అంతకుముందు ధవళేశ్వరంలో ఇరిగేషన్ లస్కరు. అంటే కాలువ తలుపులు ఎత్తుతూ దించుతూ, ఏ చేలకి ఎప్పుడు నీళ్ళు వెళ్ళాలో చూసే ఉద్యోగం. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక గ్రౌండు పనికి వచ్చారు. వేల ఎకరాలకి నీళ్ళు వదిలిన చెయ్యి, ఇరవై రెండు గజాల నేలకి నీళ్ళు పెట్టడం మొదలుపెట్టింది.

క్రికెట్ ఆయనకి పెద్దగా తెలియదు. ఆ సంగతి ఆయనే చెప్పుకునేవారు. ఎల్‌బీడబ్ల్యూ అంటే ఏంటో నేను మూడుసార్లు వివరించాను. మూడుసార్లూ బుద్ధిగా తల ఊపి, నాలుగో మ్యాచ్‌లో మళ్ళీ అడిగారు. ఎవరు గెలిచారని ఆయన అడగగా నేనెప్పుడూ వినలేదు. "పిచ్ ఎలా ఉందమ్మా? మధ్యాహ్నానికి పెచ్చులేమైనా లేచాయా?" అనేవారు. సెంచరీ కొట్టిన అమ్మాయి ఎదురొస్తే మెచ్చుకోవడం మాని, ఆమె బూట్ల మేకుల్లో ఇరుక్కున్న మట్టి తీసి వేళ్ళతో నలిపి చూసుకునేవారు. మొదట్లో మాకు నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయి, మేమే బూటు ఎత్తి చూపించేవాళ్ళం.

పిచ్ చదునుగా ఉందో లేదో చూడ్డానికి ఆయనకి పరికరాలేమీ లేవు. ఒక స్టీలు గ్లాసుడు నీళ్ళు వంపి, అవి ఎటు పారతాయో గొంతుక్కూర్చుని చూసేవారు. "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అనేవారు. ఒకసారి మా వికెట్ కీపర్ తనది అవుట్ కాదని, బంతి బ్యాటుకి తగల్లేదని గ్రౌండు బయటకొచ్చి ఏడుస్తోంది. అదే సామెత ఆమెకీ చెప్పి, "అంపైరు గారు దేవుడు కాదు కదమ్మా, వదిలెయ్" అన్నారు. ఏడుస్తున్నది కాస్తా నవ్వేసింది.

ఆదివారం మ్యాచ్ ఉంటే తెల్లారకముందే వచ్చి రోలర్ లాగించి, గీతలు గీసి, ప్యాంటు మడతల్లో సున్నంతోనే చర్చికి వెళ్ళేవారు. పాటలు అయ్యేలోపు తిరిగొస్తే ఫాదరు గారు ఏమీ అనుకోరా అని అడిగాను. "ఫాదరు గారు అనుకున్నా పర్లేదమ్మా. ఎండ ఆగదు కదా" అన్నారు.

లస్కరు పని కబుర్లు ఎన్నో చెప్పేవారు. ఎగువ రైతులు తలుపు ఇంకాసేపు తెరిచి ఉంచమని బతిమాలేవారట, ఒక్కోసారి బెదిరించేవారట. ఆయన మాత్రం సైకిలు మీద కాలువ చివరిదాకా వెళ్ళి, ఆఖరి చేలో పాదం పెట్టి తడి చూసుకున్నాకే ఇంటికి వెళ్ళేవారట. "శివారు చేనుకి నీరందితేనే కాలువ పారినట్టు" అనేవారు. అప్పట్లో నేను ఆ మాటని ముసలాళ్ళ చాదస్తాల్లో జమకట్టాను. దాని విలువ నాకు తెలిసిన రోజు గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా రోజుల్లో అమ్మాయిల మ్యాచ్ అంటే పక్క పిచ్. దానిమీద మ్యాటు పరిచేవారు. మధ్యలో ఉన్న మంచి మట్టి పిచ్‌ని అబ్బాయిల టోర్నమెంటు కోసం దాచేవారు. ఎవరూ కక్షగట్టి చేసింది కాదు, అదొక ఆనవాయితీ. ఆ ఏడాది మాత్రం సెలెక్టర్లు కొత్త మాట చెప్పారు. రాష్ట్ర జట్టు క్యాంపుకి మట్టి పిచ్ మీద ఆడిన ఆట చూసే ఎంపిక చేస్తారట. మ్యాటు మీద ఎన్ని వికెట్లు తీసినా లెక్కలోకి రావట. వయసు నిబంధన ప్రకారం నాకది ఆఖరి సీజన్. మా నాన్న అప్పటికే, "ఇంకెన్నాళ్ళమ్మా ఈ ఆట?" అని అడగడం మానేసి, అమ్మతో అడిగిస్తున్నారు. తాతయ్య నెల రోజులపాటు సెక్రటరీ గారి వెంటపడి, మా చివరి లీగ్ మ్యాచ్ ఒక్కటి మధ్య పిచ్ మీద పెట్టించారు. సెలెక్టర్లు కూడా ఆ ఒక్క రోజే వస్తారు. నాకున్నది ఆ ఒక్క మ్యాచే.

ఆ రోజు పొద్దున్న ఏడింటికి వెళ్ళి చూస్తే మధ్య పిచ్‌లో బొటనవేలు దిగిపోతోంది. తెల్లవారుజామున నాలుగు చినుకులు పడ్డాయి. అందరం ఆ చినుకుల్నే తిట్టుకున్నాం. ఎనిమిదింటికి సెక్రటరీ గారు కారు దిగి, చూసి, "వానకి మనమేం చేస్తామమ్మా? పక్కన మ్యాటు పరవండి, మొదలెట్టేద్దాం" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఆయనకి పని తెమిలిపోవాలి.

తాతయ్య భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని ముందుకొచ్చారు. "వాన కాదండి. నేనే తడిపాను" అన్నారు.

మాకెవరికీ అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. "కాలువలు కట్టేస్తున్నారని నిన్న పేపర్లో వేశారండి. అది చదివి సాయంత్రం బోరు తిప్పాను. మళ్ళీ నెలన్నర దాకా నీళ్ళు రావు కదా అని, చేనుకి పెట్టినట్టు తనివితీరా పెట్టేశాను. బోరుకీ కాలువకీ సంబంధం లేదని పైపు చుట్టేటప్పుడు గుర్తొచ్చిందండి."

ప్రతి వేసవిలోనూ కాలువలు కట్టేముందు చేలన్నీ ఆఖరిసారి తడపడం ఆయనకి ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పూట నవ్వు రాలేదు. నాకు ముక్కుమీద కోపం. అందరి ముందూ, "మా ఏడాదంతా ముంచేశారు కదా తాతయ్యా" అనేశాను.

ఆయన నావైపు చూసి, "ముంచానమ్మా. తేలుస్తాను" అన్నారు. తర్వాత సెక్రటరీ గారి వైపు తిరిగారు. "వాన తడిపితే మ్యాటు వెయ్యండి, నేను కాదనను. తడిపింది నేను కాబట్టి ఆరబెట్టేదీ నేనే. పన్నెండింటి దాకా టైమివ్వండి."

"అమ్మాయిల మ్యాచేగా తాతా, ఎందుకింత హైరానా? మ్యాటు మీదైతే ఆడరా ఏంటి?"

"శివారు చేనుకి నీరందితేనే కాలువ పారినట్టండి" అన్నారు తాతయ్య. గొంతు పెంచలేదు. "నెల రోజుల్నించి ఈ పిచ్ చేస్తున్నాను. వీళ్ళు దీనిమీద ఆడకపోతే నేను చెయ్యనట్టే."

సెక్రటరీ గారు వాచీ చూసుకున్నారు. పెద్ద అంపైరు గారు కల్పించుకుని, "ఓవర్లు తగ్గిద్దాం సార్. పన్నెండు దాకా చూద్దాం" అన్నారు. అలా మాకు నాలుగు గంటలు దొరికాయి.

ఆ నాలుగు గంటలూ నేను మర్చిపోలేను. కొబ్బరి పొట్టు నాలుగు బస్తాలు ఆటోలో తెప్పించి, పిచ్ మీద పలచగా పరిపించారు. అది తడి పీల్చుకోగానే ఊడ్పించి, మళ్ళీ కొత్తది. తర్వాత ఇనప పెనాల్లో బొగ్గులు రాజేసి, ఇటుకల మీద నిలబెట్టి, నేలకి జానెడు ఎత్తులో అంగుళం అంగుళం జరిపించారు. ఎండ ఎక్కాక రోలర్. ముందు మేం లాగాం. కాసేపటికి అవతలి జట్టు కెప్టెన్ తన వాళ్ళని వెంటేసుకొచ్చింది. జంగారెడ్డిగూడెం వైపు అమ్మాయి, గట్టి పిండం. "మాకూ మ్యాటు వద్దండి. మా వాళ్ళని చూడ్డానికీ సెలెక్టర్లు ఈ ఒక్కరోజే వస్తున్నారు" అని రోలర్ రెండో వైపు పట్టుకుంది. ఇరవై రెండు మంది ఆడపిల్లలం ఒక రోలర్‌ని లాగుతుంటే, సెక్రటరీ గారు చెట్టుకింద కుర్చీలోంచి లేచి, మాకు మజ్జిగ ప్యాకెట్లు తెప్పించారు.

పన్నెండుకి పది నిమిషాలు తక్కువగా పెద్ద అంపైరు గారు వంగి, తన స్కూటర్ తాళంచెవి మట్టిలో గుచ్చి చూశారు. దిగలేదు. పెవిలియన్ వైపు కొసలో కొంచెం దిగింది. "ఆడొచ్చు" అన్నారు. తాతయ్య అక్కడే నేలమీద కూర్చుండిపోయి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

చెరి ఇరవై అయిదు ఓవర్లు ఆడాం. మేం ఓడిపోయాం. నాకు నాలుగు వికెట్లు వచ్చాయి. క్యాంపు లిస్టులో నా పేరుంది, ఆ గట్టి పిండం పేరూ ఉంది. రాష్ట్ర జట్టుకి నేను ఆడింది ఒక్క సీజనే, అందులోనూ సగం మ్యాచుల్లో డ్రింకులు మోశాను. అయినా ఆ ఒక్క సీజన్ సర్టిఫికెట్‌తోనే నాకు పీఈటీ ఉద్యోగం వచ్చింది. ఇవాళ మా జిల్లా అమ్మాయిల జట్టుకి కోచ్‌గా ఉన్నానంటే దానివల్లే. ఆయన ఆ పొద్దున్న వానమీదకి నెట్టేసి ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నిజం ఒప్పుకుని, దాన్ని పట్టుకుని నాలుగు గంటలు సంపాదించారు. నా జీవితం ఆ నాలుగు గంటల మీద నిలబడింది, ఇందులో అతిశయోక్తి లేదు.

అందరి ముందూ అన్న మాటకి క్షమాపణ అడగడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. ఉద్యోగం వచ్చిన రోజున స్వీట్లు పట్టుకెళ్ళి, తలొంచుకుని అడిగాను. "నువ్వేమన్నావో నాకు గుర్తులేదమ్మా. పెవిలియన్ వైపు కొంచెం మెత్తగా ఉండిపోయింది, అది గుర్తుంది" అని స్వీటు తుంచి సగం నాకే పెట్టారు.

ఆ ఏడాది తర్వాత అమ్మాయిల మ్యాచ్‌కి మధ్య పిచ్ కావాలని ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. మ్యాచ్ పొద్దున్న జట్లు వెళ్ళేసరికే ఆయన మధ్యలో గీతలు గీసేసి ఉండేవారు. గీసేశాక సెక్రటరీ గారు మాత్రం ఏమంటారు? నాలుగేళ్ళకి అదే ఆనవాయితీ అయిపోయింది. ఇప్పటి మా పిల్లలకి పక్క పిచ్ మీద మ్యాటు పరిచేవారని చెబితే, నేను కోతలు కోస్తున్నాననుకుంటారు.

బుధవారం ధవళేశ్వరంలో సమాధి చేశారు. పాత లస్కర్లు అయిదారుగురు, చర్చి వాళ్ళు, మా అమ్మాయిలు. శనివారం ఈ సీజన్ మొదటి మ్యాచ్ మాదే. వాయిదా వేద్దామా అని సెక్రటరీ గారు అడిగారు. నేను వద్దన్నాను. కవరు తీసి చూస్తే పిచ్ సిద్ధంగా ఉంది, గట్టిగా, చదునుగా. ఆయన సోమవారం సాయంత్రం వెళ్ళింది అందుకే. రోజంతా రెండు జట్లూ ఆడాయి. పిచ్ బాగాలేదని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఆయనకి అంతకంటే పెద్ద మెప్పు లేదు.

సాయంత్రం అందరూ వెళ్ళిపోతుంటే చూశాను. బౌలర్లు అడుగులేసిన చోట రెండు కొసల్లోనూ గుంటలు పడ్డాయి. మర్నాడు ఇంకో మ్యాచ్ ఉంది. ఆ గుంటలు ఆ సాయంత్రమే బంకమట్టితో పూడ్చి, తడిపి, దిమ్మిసతో కొట్టి గట్టిపరచాలి. మా పిల్లలు షెడ్డులోంచి మట్టి తెచ్చారు, బకెట్టుతో నీళ్ళు తెచ్చారు. కెప్టెన్ మగ్గు ముంచి పట్టుకుని, "ఎంత పొయ్యమంటారు మేడమ్?" అని అడిగింది.

నాకు తెలియదు. ఇన్నేళ్ళు ఆయన పోస్తుంటే పక్కన నిలబడి కబుర్లు చెప్పాను గానీ, ఎంత పోస్తున్నారో ఒక్కసారీ చూడలేదు. ఆ మాటే పిల్లలతో చెప్పాను. వాళ్ళు మగ్గు పక్కన పెట్టేశారు. గుంటల చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతుల్లో కొంచెం కొంచెం నీళ్ళు తీసుకుని చల్లి, మట్టి తాగేదాకా ఆగి, మళ్ళీ చల్లారు.